పోన్లెండి: ఒక బీరు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం

“ఏవండీ, కేఎఫ్ ఉందాండి? లేదా? పోన్లెండి, ఉన్నదే ఇవ్వండి. కూలింగుండాలండోయ్!”

అవతారిక

ద్రాక్షారామంలో ద్రాక్షతోట లేదు. రామచంద్రపురం పక్కన, గోదావరి కాలువల నడుమ, వరిచేలూ కొబ్బరిచెట్లూ తాటిచెట్లూ కనిపిస్తాయి తప్ప ద్రాక్షపాదు పాకిన పందిరి కనిపించదు. దక్షుడి ఆరామం గనుక దక్షారామమనీ, అదే పేరు జనం నోట పడి ద్రాక్షారామమైందనీ చెబుతారు. శ్రీనాథుడు భీమేశ్వర పురాణం చెప్పింది ఈ క్షేత్రాన్ని గురించే. పలికేవాళ్ల నాలుకకు దక్షుడికంటే ద్రాక్షే తియ్యగా తగిలింది కాబోలు. భీమేశ్వరాలయంలో వందల శాసనాలున్నాయి. సూర్యచంద్రులున్నంత కాలం నిలవాలని దాతలు రాతిలో చెక్కించుకున్న మాటలవి. వాటిని చదివి వివరించిన పండితులున్నారు. ఆ ఊళ్లోనే కాదు, డెల్టాలో ఏ వైన్ షాపు కిటికీ దగ్గరైనా పొద్దుగూకేవేళ వినిపించే పై వాక్యానికి మాత్రం టీకాకారుడు కరువయ్యాడు. ఆ కొరత తీర్చడానికే ఈ పూనిక.

కర్త ఎవరో తెలియదు. అలాగని వేదంలా అపౌరుషేయం అనడానికీ వీల్లేదు. కౌంటరు ముందు నిలబడేది ఇంచుమించు అందరూ పురుషులే గనుక ఇది శుద్ధ పౌరుషేయం. కాలం వేసవి సాయంత్రం. దేశం ఇనుప కటకటాలకు ఇవతల. వక్త కొనేవాడు, శ్రోత అమ్మేవాడు. సందర్భం దాహం. ఇక ప్రయోజనం: తాగేవాళ్ల రుచులు కాలంతోపాటు ఎలా మారతాయన్న పెద్ద ప్రశ్నకు ఈ చిన్న వాక్యంలో జవాబుందని చూపించడం. చాలామంది ఆ జవాబును కేఎఫ్‌లో వెదుకుతారు, మరికొందరు నాలుకలో వెదుకుతారు. అది మధ్యలో ఎవరూ పట్టించుకోని ‘పోన్లెండి’లో ఉందని ఈ టీకాకారుడి పక్షం.

ప్రతిపదార్థం

ఏవండీ = ఓ విక్రేతా! ఇది సంబోధన. ఇంత చిన్న వాక్యంలో ‘అండి’ ఐదుసార్లు వచ్చింది. గోదావరి మర్యాద అని సరిపెట్టుకోవచ్చు గానీ, డబ్బు పెట్టి కొనేవాడు అమ్మేవాణ్ని ఐదుసార్లు మన్నించడంలో ఇంకో ధ్వని ఉంది. బట్టల కొట్టులో కొనేవాడిది పైచేయి. ఇక్కడ పైచేయి కటకటాల అవతలివాడిది. వాక్యమంతటా వరసగా వస్తున్న అండి ఒక్క ‘లేదా?’ దగ్గర జారిపోయింది. దుఃఖం ముంచుకొచ్చినప్పుడు మర్యాద మరుపుకు రావడం లోకసహజమే.

కేఎఫ్ = కింగ్‌ఫిషర్ అనెడి బీరు. ముఖ్యార్థం లకుముకి పిట్ట. పంటకాలువ మీది కరెంటు తీగపై కూర్చుని చేప కోసం కాచుకునే ఆ నీలిరెక్కల పక్షి డెల్టావాళ్లకు కొత్తది కాదు. కానీ ముఖ్యార్థం ఇక్కడ పొసగదు, పిట్టను చల్లగా ఇమ్మని ఎవరూ అడగరు గనుక. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున అని గ్రహించినట్టే ఇక్కడా లక్షణ చెప్పుకోవాలి. పిట్ట వల్ల లేబులు, లేబులు వల్ల సీసా, సీసా వల్ల అందులోని ద్రవం. వక్త నోట అది ఇంకో మెట్టు దిగి బీరుజాతి అంతటికీ పేరైంది. మూలంలో ‘బీరు’ అన్న మాటే లేకపోవడం అందుకు సాక్ష్యం. బీరు శబ్దానికి మన ‘బీరము’ను మూలంగా చూపి, రెండో సీసాకు బీరాలు పలికిస్తుంది గనుక బీరు అని వ్యుత్పత్తి చెప్పబోయేవారుంటారు. ముచ్చటగానే ఉంటుంది కానీ అది ద్రాక్షారామంలో ద్రాక్షపండ్లు కోయబోవడం లాంటిది. మాట ఇంగ్లీషుది, వస్తువూ మనకు వచ్చింది అక్కడినుంచే. 18వ శతాబ్దం చివర హాడ్జ్‌సన్ అనే లండన్ బీరు తయారీదారు పీపాలు నెలల తరబడి ఓడల్లో ఊగుతూ మనదేశంలోని తెల్లవాళ్లకు చేరేవి. దారిలో చెడకుండా హాప్స్ అనే తీగ పువ్వుల చేదు దట్టించేవారు. 19వ శతాబ్దంలో డయ్యర్ అనే ఆయన కసౌలీ కొండల్లో ఇక్కడే కాచడం మొదలుపెట్టాడు. 1915లో థామస్ లీష్‌మన్ దక్షిణాది బట్టీలు కొన్నిటిని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ అన్నాడు. 1947 తరువాత అది విఠల్ మాల్యా చేతికొచ్చింది. ఇప్పుడు మనకు తెలిసిన కింగ్‌ఫిషర్ 1978లో బయలుదేరింది. 2021లో ఆ కంపెనీలో పెద్ద వాటా హైనెకెన్ అనే డచ్ సంస్థది అయింది. 17వ శతాబ్దంలో ఈ ద్రాక్షారామంలోనే బట్టల వర్తకానికి కోఠీ పెట్టుకున్నది ఆ డచ్చివాళ్లే, పాత తెలుగులో ఒలాందులు. వాళ్లు వెళ్లిపోయిన శతాబ్దాలకు వాళ్ల దేశపు కంపెనీ మన కాలువగట్టు పిట్టను కొనుక్కుంది. వక్తకు ఈ వంశావళి తెలియనక్కర్లేదు. తన సొంతమనుకునే రుచి ఎన్ని చేతులు మారి తన నాలుకను చేరిందో టీకాకారుడు గుర్తుంచుకుంటే చాలు.

ఉందాండి = లభ్యమగుచున్నదా? వక్త ‘నాకు కేఎఫ్ కావాలి’ అనలేదు. వాక్యమంతా గాలించినా నేను, నాకు, కావాలి, ఇష్టం అన్న మాటల్లో ఒక్కటీ దొరకదు. ఇది కవి అశక్తత కాదు, వ్యాకరణ రహస్యం. రుచించడం అనే అర్థమున్న ధాతువుల విషయంలో, ఎవరికి రుచిస్తుందో వాణ్ని పాణిని సంప్రదానంగా, అంటే పుచ్చుకునేవాడి స్థానంలో నిలబెట్టాడు. దేవదత్తుడికి మోదకం రుచిస్తున్నదంటే కర్త మోదకమే. దేవదత్తుడు నోరు తెరుచుకుని నిలబడ్డ చతుర్థీ విభక్తి. తెలుగులోనూ ‘నాకు నచ్చింది’ అనే అంటాం. మన వ్యాకరణాలు ఆ ‘కు’ను షష్ఠిలో కూర్చోబెట్టాయి. విభక్తి ఏదైతేనేం, తాగేవాడికి ప్రథమ దక్కలేదు. ఇంగ్లీషువాడు ‘నేను ఇష్టపడతాను’ అని కర్తృత్వం తన నెత్తికెత్తుకుంటాడు. మన భాష అంత బీరం పలకదు. నచ్చడం అనే పని వస్తువు చేస్తుంది, మనకు జరుగుతుంది. జరగాలంటే ముందు ఆ వస్తువు ఉండాలి. అందుకే వక్త తన కోరిక చెప్పుకోకుండా ఉనికిని ప్రశ్నించాడు.

లేదా = అయ్యో, లేదా? ఈ రెండక్షరాల వెనక తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పరుచుకుని గోదావరి జిల్లాలనూ కప్పింది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడి ఏడాది తిరిగిందో లేదో, 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఈ నిషేధం, గీత కార్మికుల బతుకుదెరువు మీద రేగిన వివాదంలో ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. కల్లుముంత ఒక మంత్రివర్గాన్ని దించింది. 1993లో సారా పోయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం సడలించింది. 2019 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. అలవాటైన పేర్లు అరుదై, బూమ్ బూమ్ వంటి వినని పేర్లు అల్మరాల్లోకి వచ్చాయి. 2020 మే నెలలో ధరలు రెండురోజుల్లో 75 శాతం పెరిగాయి. 2024 అక్టోబరు 16 నుంచి లాటరీలో గెలిచినవారి 3,396 ప్రైవేటు దుకాణాలు తెరుచుకుని పాత పేర్లు తిరిగొచ్చాయి. ఆ లైసెన్సుల గడువు రెండేళ్లు, ఆచంద్రార్కం కాదు. తెలంగాణలో 2025 జనవరిలో ధర పెంచలేదనీ బకాయిలు పేరుకున్నాయనీ కింగ్‌ఫిషర్ కంపెనీయే కొన్నాళ్లు సరఫరా ఆపేసింది. 2015లో పుట్టిన బీరా 91 అనే బీరు కథ వ్యాకరణవేత్తలు వినదగ్గది: కంపెనీ పేరులోంచి ‘ప్రైవేట్’ అన్న ఒక్క మాట తీసేసేసరికి రాష్ట్రాలన్నిటిలో లేబుళ్లకు మళ్లీ అనుమతి కావలసివచ్చి నెలల తరబడి అమ్మకాలు చిక్కుబడ్డాయి. ఒక్క పదలోపానికి సీసాలే లోపించాయి. ఇదంతా కలికాలపు వింత అనుకోకూడదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. పానశాలల్లో గదులు, పడకలు, పూలు, పరిమళాలు, నీళ్లు సమకూర్చాలని అక్కడ వివరంగా ఉంది. ద్రాక్షమద్యాన్ని కాపిశాయనం, హారహూరకం అని పుట్టినచోటి పేరుతో పిలవడం కూడా ఉంది కాబట్టి బ్రాండు అన్నది మనకు పాత సంగతే. అప్పుడు పడకలుండేవి, ఇప్పుడు కటకటాలున్నాయి. ‘ఉంది’, ‘లేదు’ అని చెప్పే అధికారం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకరిదే.

పోన్లెండి = పోనీలే అండి; పోయినదానిని పోనిచ్చి. ఈ వ్యాఖ్యానానికి ఇదే గుండెకాయ. డెల్టాకు బీరు రాకముందు బీరు పని చేసింది కల్లు. బలంలో రెండూ ఇంచుమించు తోడబుట్టినవే. కల్లుకు రుచి మారడానికి తరం అక్కర్లేదు, పూట చాలు. తెల్లవారుజామున లొట్టి దించినప్పుడు తియ్యగా, పాలవాసనతో ఉంటుంది, గాలిలోని, కుండలోని ఈస్టు పని మొదలుపెట్టి ఎండెక్కేసరికి ఘాటెక్కుతుంది, సాయంత్రానికి పులుస్తుంది. పోతుతాటి కల్లు వేరు, పండుతాటి కల్లు వేరు, ఈతకల్లు వేరు. ఇన్ని రుచులు తెలిసిన నాలుకలు కల్లు మొహంమొత్తి దాన్ని వదిలేశాయని అనుకోవడానికి ఆధారం లేదు. నిషేధాలు వచ్చాయి, చెట్లకు పన్నులు వచ్చాయి, మోకు కట్టి చెట్టెక్కేవాడి కొడుకు నేలమీద పని వెదుక్కున్నాడు. ప్రభుత్వపు సారా ఊళ్లోకి వచ్చింది. 1980లలో దాన్ని ప్యాకెట్లలో ఊరూరా చేర్చిన పథకానికి వారుణి వాహిని అని పాలసముద్రంలో పుట్టిన దేవత పేరు పెట్టారు. కల్లు దొరకని సాయంత్రం ఎవడో ‘పోన్లే’ అని సారా అందుకున్నాడు. 1993లో ఆగిన సారా 1997లో నిషేధం సడలినా తిరిగి రాలేదు, తిరిగొచ్చినవి సీసాలు. మళ్లీ ‘పోన్లే’ అన్నాడు. ఒక్కో తరం ఒక్కో పోన్లే దగ్గర మలుపు తిరిగింది. పోన్లెండి అని ఒకసారి అంటే సర్దుబాటు. పదిసార్లంటే అలవాటు. వందసార్లంటే ఇష్టం. కొడుకు ఎదిగే నాటికి అదే సంప్రదాయం. ఆ కొడుకు కౌంటరు దగ్గరకొచ్చి కేఎఫ్ ఉందాండి అని అడుగుతాడు, తన తాత ఎన్నడూ ఎరగని పిట్టను తాతముత్తాతల నాటి హక్కులా.

ఉన్నదే = ఏది కలదో దానినే. చివరి ఏకారం అవధారణార్థకం. ఈ ‘ఉన్నది’ సాధారణంగా స్ట్రాంగ్ బీరు అవుతుంది. మనదేశంలో అమ్ముడయ్యే బీరులో అత్యధిక భాగం అదే. నాకౌట్, హేవర్డ్స్ 5000 వంటి పేర్లే చూడండి: ఒకటి పడగొడతానంటుంది, ఇంకొకటి అంకె చూపి బెదిరిస్తుంది. పువ్వుల పేరుగానీ పండ్ల పేరుగానీ లేదు. తెలుగువాళ్ల నాలుకకు పుట్టుకతోనే ఘాటు ఇష్టమని దీనికి కారణం చెప్పడం తేలిక. లెక్క వేరేది చెబుతుంది. పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. 5 శాతం బీరైతే అందులో ఆల్కహాలు 32 మిల్లీలీటర్ల చిల్లర. 8 శాతం స్ట్రాంగైతే 52. సీసా ఒకటే, ఫ్రిజ్జులో ఆక్రమించే చోటు ఒకటే, ధరలో తేడా అంత ఉండదు. పక్కనే 180 మిల్లీలీటర్ల క్వార్టరు 42.8 శాతంతో 77 మిల్లీలీటర్లు పట్టుకుని నిలబడి ఉంది. 2024 నుంచి అది 99 రూపాయలకూ దొరుకుతోంది. క్వార్టరుతో పోటీపడాలంటే బీరు బలం పెంచుకోక తప్పదు. రోజుకూలి లెక్కలోంచి పుట్టిన ఈ బలం ఏళ్లు గడిచేసరికి రుచిగా స్థిరపడింది. ఇప్పుడు జేబునిండా డబ్బున్నవాడు కూడా మైల్డ్ తాగి ‘నీళ్లలా ఉందండి’ అని పెదవి విరుస్తాడు. లెక్క మరిచిపోయాడు, నాలుకకు మాత్రం గుర్తుంది. ఇంకో చిత్రం: అమెరికా పేరున్న బడ్వైజర్‌లో బార్లీతోపాటు బియ్యం పడుతుంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన నాటినుంచి వరి తప్ప వేరే ధ్యాస లేని డెల్టా, విదేశీ రుచి అనుకుంటూ అన్నాన్నే వేరే ఆకారంలో పుచ్చుకుంటోంది.

కూలింగుండాలండోయ్ = చల్లగా ఉండితీరవలెను. కూలింగు అనే ఇంగ్లీషు క్రియ ఇక్కడ తెలుగు నామవాచకం. చల్లదనం అని అర్థం. వ్యాకరణం ఎలా ఉన్నా, వాక్యంలో బేరం ఒప్పుకోని పదం ఇదొక్కటే. కేఎఫ్ విషయంలో ‘పోన్లెండి’ అన్నవాడు కూలింగు విషయంలో అనలేదు. పైగా ఓకారం పెట్టి హెచ్చరించాడు. రోహిణికార్తెలో వడగాడ్పు కొట్టే సాయంత్రం ఒంటికి అసలు కావలసిందేమిటో ఇక్కడ బయటపడింది. పైపెచ్చు చల్లదనం రుచికి ముసుగు. బాగా చల్లబడ్డ పానీయంలో తీపి తక్కువగా తెలుస్తుంది, వాసన అణిగిపోతుంది, సీసాకూ సీసాకూ మధ్య తేడా చెరిగిపోతుంది. గడ్డకట్టే అంచున ఉన్నంతసేపు బ్రాండ్లన్నీ అన్నదమ్ములే. సగం తాగి, సీసా వెచ్చబడ్డాకే ఎవరి గోత్రం ఏమిటో తెలిసేది. ‘ఉన్నదే’ను ‘ఇష్టమైనది’గా మార్చే కార్యంలో ఫ్రిజ్జు పౌరోహిత్యం ఇంతింత కాదు.

పూర్వపక్షాలు, సమాధానాలు

మొదటి పూర్వపక్షం శరీరవాదులది. ‘రుచి మారేది వయసు వల్ల. పసితనంలో తీపి, ప్రాయంలో ఘాటు, ముదిమిలో మళ్లీ మెత్తన. నాలుక మారుతుంది, అంగడికేం సంబంధం?’ అంటారు. వయసుతో నాలుక కొంత మొద్దుబారడం నిజమే. అయితే బీరు చేదు. చేదును ఉమ్మేయడం మనిషికి పుట్టుకతో వచ్చిన తెలివి, విషాలు తరచు చేదుగా ఉంటాయి గనుక. కాబట్టి మొదటి గుక్కలో బీరు ఎవరికీ నచ్చవలసిన వస్తువు కాదు. చేదు నచ్చేది మళ్లీమళ్లీ ఎదురుపడటం వల్ల. కాకరకాయ కూర అలాగే నచ్చింది, ఉగాది పచ్చట్లో వేపపువ్వు అలాగే నచ్చింది, కాఫీ అలాగే నచ్చి చివరికి దక్షిణాది బ్రాహ్మముహూర్తాన్నే ఏలింది. మళ్లీమళ్లీ ఎదురుపడాలంటే మళ్లీమళ్లీ దొరకాలి. వయసు నేర్చుకునే తీరిక ఇస్తుంది. పాఠ్యపుస్తకం అంగడి ఇస్తుంది. ఈ ప్రాంతంవాళ్లకు ఇంకో దృష్టాంతం చెప్పనక్కర్లేదు. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస అనిపించుకున్న చేపే గోదావరి ఎర్రనీటికి ఎదురీది పులస అవుతుంది. చేప ఒకటే, దారి రుచిని మార్చింది.

రెండో పూర్వపక్షం గట్టిది. ‘ఉన్నదే ఇష్టమైపోతుందంటే, 2019 నుంచి ఐదేళ్లు ఉన్న కొత్త పేర్లు ఎందుకు ఇష్టం కాలేదు? 2024లో పాత సీసాలు రాగానే జనం వాటివైపే తిరిగారు కదా. వందసార్లు కాదు, వెయ్యిసార్లు పోన్లెండి అన్నా నాలుక లొంగలేదంటే నీ సిద్ధాంతం కూలినట్టే’ అంటారు. కూలదు, కొంచెం సర్దుకుంటుంది. ద్రాక్షారామానికి ముప్పై కిలోమీటర్ల లోపే యానాం ఉంది. 1954 దాకా ఫ్రెంచివాళ్లది, ఇప్పుడు పుదుచ్చేరిది. ఎక్సైజు లెక్కలు వేరు. అక్కడా తెలుగే, అక్కడా పులసే, అక్కడా అదే గోదావరి గాలి. ఒకే నాలుక, రెండు అల్మరాలు. ఇవతల పాత పేర్లు లేనినాడు అవతల ఉన్నాయి. ఇవతల నిషేధమైననాడు అవతల దీపాలు వెలిగాయి. పోల్చుకోవడానికి బస్సుదూరంలో ఇంకో అంగడి ఉన్నంతకాలం ‘ఉన్నదే’ పూర్తిగా ఉన్నదే కాజాలదు. పోన్లెండి అన్న మాట నోటిదాకా వస్తుంది, మనసుదాకా దిగదు. కనుక సిద్ధాంతాన్ని ఇలా దిద్దుకోవాలి: ఇష్టం పుట్టడానికి లభ్యత ఒక్కటీ చాలదు, మరుపు కూడా కావాలి. పాతదాన్ని ఎరిగినవాళ్లు ఉన్నంతకాలం కొత్తది సర్దుబాటుగానే మిగులుతుంది. కల్లు రుచి మరుగునపడటానికి తరాలు పట్టాయి. ఐదేళ్లు మరుపుకు చాలవు. అంతేకాదు, ఈ పూర్వపక్షమే మా పక్షానికి ఊతమిస్తోంది. 2024లో జనం తిరిగి వెళ్లింది దేని దగ్గరకు? అంతకుముందు ఉన్నదాని దగ్గరకు. వాళ్లు వెనక్కి అడిగింది నాలుక స్వయంగా ఎంచుకున్నదాన్ని కాదు, నిన్నటి ‘ఉన్నదే’ను.

మూడో పూర్వపక్షం హైదరాబాదు నుంచి వస్తుంది. ‘తెలంగాణలో 2015 నుంచి మైక్రో బ్రూవరీలకు అనుమతులున్నాయి. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే కోనసీమ కుర్రాడు గోధుమ బీరు అంటాడు, ఐపీఏ అంటాడు, సంక్రాంతికి కోడిపందేలకు వచ్చి ఊళ్లో ఉన్న స్ట్రాంగును వెక్కిరిస్తాడు. ఇది స్వేచ్ఛగా ఎంచుకున్న రుచి కాదా?’ కొంత అవును. జాబితా పొడవు పెరిగితే ఎంపిక కొంత నిజమవుతుందని ఒప్పుకోవాలి. కానీ ఆ జాబితా ఎవరు రాశారో చూడండి. బెల్జియం పద్ధతి గోధుమ బీరులో నారింజతొక్క, ధనియాలు వేస్తారు. ధనియాలంటే చారులో వేసేవే. అవి బీరులో పడాలని డెల్టా నాలుక ఎన్నడూ కోరలేదు. బోర్డు మీద రాసి ఉంటే చదివి ‘ఇదొకటి ఇవ్వండి’ అన్నాడు. ఐపీఏ, అంటే ఇండియా పేల్ ఏల్, సంగతి మరీ విచిత్రం. మనదేశంలోని తెల్లవాళ్ల కోసం ఓడలో వచ్చే బీరులో దట్టించిన చేదు ప్రపంచమంతా తిరిగి, మన పేరే తగిలించుకుని, ఇప్పుడు మనవాడికి నవ్యరుచిగా అమ్ముడవుతోంది. కొత్త రుచి అనుకున్నది చాలాసార్లు ఎవరిదో పాత అవసరం.

నాలుగో పూర్వపక్షం నీతివాదులది. ‘తాగుడుకు టీకా రాయడమే తప్పు. ఇళ్లు కూల్చిన వస్తువుకు అలంకారాలేమిటి?’ టీకా స్తోత్రం కాదని మొదటి సమాధానం. రెండోది ముఖ్యం. ఈ సిద్ధాంతాన్ని అందరికంటే ముందు, అందరికంటే స్పష్టంగా గ్రహించినవాళ్లు నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. 1992లో అక్షరాస్యతా తరగతుల్లో కూడుకున్న ఆ ఆడవాళ్లు, ఆ ఊరి రోశమ్మ పేరుతో ఊరూరా పాకిన ఉద్యమం, మగవాళ్ల నాలుకలకు నీతిబోధ చేస్తూ కూర్చోలేదు. సారా దుకాణం మూయమన్నారు, వేలంపాట జరగనివ్వం అన్నారు. ఇష్టం నాలుక మీద ఉండదనీ అల్మరాలో ఉంటుందనీ పాణిని చదవకుండానే వాళ్లు కనిపెట్టారు. 1993లో సారా ఆగింది. ఆ తరువాత అల్మరాలోకి వేరే సీసాలు వచ్చాయంటే అది వాళ్ల తర్కంలోని లోపం కాదు. అల్మరా తాళంచెవి వాళ్ల చేతిలో పెట్టకపోవడంలోని లోపం. సర్కారు ఆదాయం సీసామూతి దగ్గర కూర్చున్నంతకాలం ‘లేదు’ అన్న మాట ఎక్కువకాలం నిలవదు.

విశేషాంశాలు

పాకం: ద్రాక్షారామం గనుక ద్రాక్షాపాకం అనవలసి ఉంది. కానీ లాక్షణికుల ప్రకారం ద్రాక్ష నోట్లో వేసుకోగానే రసమిస్తుంది, అరటిపండు తొక్క వలవాలి, కొబ్బరికాయ పగలగొట్టాలి. బీరు ఈ మూడింటిలో ఒదగదు. మూత తీయడం తేలిక, మొదటి గుక్క చేదు, రసం అనేక సంవత్సరాల అభ్యాసం మీద. దీనికి కాకరపాకం అని నాలుగోది కల్పించుకోవడం తప్ప దారి లేదు. రసం: ‘ఉందాండి’లో ఔత్సుక్యం, ‘లేదా’లో విషాదం, ‘పోన్లెండి’లో నిర్వేదం సంచారులు. నిర్వేదం ముదిరితే శాంతరసమని పెద్దలన్నారు; రెండో సీసాకు అదీ సిద్ధిస్తుంది, మూడోదానికి రౌద్రంగా మారే ప్రమాదం ఉంది. పాఠాంతరం: కొన్ని దుకాణాల్లో ‘కేఎఫ్’ చోట ‘బడ్’ అని వినిపిస్తుంది. అర్థభేదం లేదు.

తాత్పర్యం

ఓ విక్రేతా! నిన్న దొరికి, నాకు అలవాటై, ఇప్పుడు నా ఇష్టమని నేను భ్రమపడుతున్న ఆ పిట్టబొమ్మ సీసా నేడు ఉన్నదా? లేదా? ఏమి చేయుదును. నీ అల్మరాలో నేడు ఏది ఉన్నదో, ఏ చట్టము, ఏ సుంకము, ఏ బకాయి, ఏ లేబులు అనుమతి దానిని అక్కడ నిలిపినదో, దానినే ఇమ్ము. రేపటికి అది అలవాటగును. ఎల్లుండికి, నేను మరిచినచో, నా ఇష్టమగును. నా కొడుకు దానినే అడుగును. చల్లదనము విషయమున మాత్రము నన్ను మోసగింపకుము, అది నా ఒంటి నిజమైన కోరిక, అని భావము.

ఇక ఒక్క సందేహం మిగిలింది. వాక్యమంతా పోన్లెండి వైపే నడుస్తుంటే, మొదట ఆ ప్రశ్న ఎందుకు? లేదని తెలిసిన రోజుల్లో కూడా కిటికీ దగ్గరకొచ్చినవాడు ముందు కేఎఫ్ ఉందాండి అనే అడుగుతాడు, తరువాతే ఉన్నదే అంటాడు. దీనికి ఊరి పేరే ఉపపత్తి. దక్షారామంలో ద్రాక్ష ఏనాడూ లేదు. అయినా నాలుక దాన్ని ద్రాక్షారామం అని పిలిచింది, శతాబ్దాలుగా పిలుస్తూనే ఉంది, శాసనాలూ పురాణాలూ ఏమన్నా వినిపించుకోలేదు. సీసాను నిర్ణయించే శక్తి నాలుకకు లేదు. లేనిదాని పేరు పలికే హక్కు మాత్రం ఎవరూ లాక్కోలేదు. మూలంలో మొదటి వాక్యం ఆ హక్కుది, మిగతా వాక్యాలు అంగడివి.

ఫలశ్రుతి: ఈ టీకాను శ్రద్ధగా చదివినవారికి సీసా ఎమ్మార్పీకే దొరకుగాక, పదిరూపాయలు ఎక్కువ అడిగితే కారణం అడిగే ధైర్యం కలుగుగాక, కారణం చెప్పకపోతే, పోన్లెండి.